పరీక్ష ఎవరి ట్యాంకుకు?

జబ్బుకు కులం లేదు, రంగు లేదు అంటారు. నిజమే. కానీ జబ్బును ముందుగా పట్టుకోవాల్సిన పరీక్షకు మాత్రం అవన్నీ ఉన్నాయి. అమెరికాలోని హార్లెం దీనికి సాక్ష్యం.

హార్లెం న్యూయార్క్ నగరంలో తరతరాలుగా నల్లజాతి వాళ్ల పేట. 2025 జులై, ఆగస్టు నెలల్లో అక్కడ 114 మంది లీజియోనెయిర్స్ అనే ఒక రకం న్యుమోనియాతో మంచాన పడ్డారు. ఏడుగురు చనిపోయారు. ఇది మనిషి నుంచి మనిషికి అంటే జబ్బు కాదు. పెద్ద భవనాలను చల్లబరిచే కూలింగ్ టవర్లు మేడల మీద ఉంటాయి. వాటిలో గోరువెచ్చగా నిలవున్న నీళ్లలో లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. ఆ నీటి తుంపర గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చల్లదనం లోపలివాళ్లకు, తుంపర వీధిలోవాళ్లకు!

ఇది నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద హోటల్లో మాజీ సైనికుల మహాసభ జరిగింది. ఆ సభతో, ఆ హోటల్‌తో సంబంధమున్న 34 మంది చనిపోయారు. 1977 జనవరికల్లా క్రిమిని కనిపెట్టారు. పరీక్షా కష్టమైంది కాదు. టవరు నీళ్లు సీసాలో పట్టి ప్రయోగశాలలో పెంచి చూస్తారు. పది రోజులో, రెండు వారాలో పడుతుంది. రోగి కఫంలో దొరికిన క్రిమితో పోల్చితే ఏ మేడ నుంచి వచ్చిందో కూడా తేలుతుంది.

అయినా 2015లో సౌత్ బ్రాంక్స్‌లో 16 మంది చచ్చిపోయాక గానీ న్యూయార్క్‌లో చట్టం రాలేదు. అదీ నల్లవాళ్లు, లాటినోలు ఉండే పేదల ప్రాంతమే. ప్రతి టవరునూ నమోదు చేయాలి, నడిచే కాలంలో మూడు నెలలకోసారైనా పరీక్షించాలి అన్నారు. చట్టం కాగితం మీద ఉంది, తనిఖీలు తగ్గిపోయాయి. పదేళ్లకు హార్లెం! క్రిమి ఎక్కడ దొరికింది? నగరమే నడిపే హార్లెం ఆస్పత్రి టవర్లలో. నగరం తన ప్రజారోగ్య ప్రయోగశాలను కట్టుకుంటున్న స్థలంలో. పరీక్షలు చేయించాల్సినవాడి నెత్తిమీదే! ఆ తర్వాత అదే ఏడాది నెలనెలా పరీక్ష చేయాలని నగర కౌన్సిల్ ఆమోదించింది. చట్టం కదలాలంటే ముందు పేదల శవాలు లేవాలి కాబోలు.

అమెరికా సంగతి మనకెందుకు అనకండి. మన వాడల్లో కూలింగ్ టవర్లు లేవు. మన పిల్లలుండే సంక్షేమ హాస్టళ్ల మీద నీళ్ల ట్యాంకులున్నాయి. అక్కడ భయం వేరే క్రిములతో, వాంతులూ విరేచనాలతో. ట్యాంకు ఎప్పుడు కడిగారో, నీళ్లు ఎప్పుడు పరీక్షించారో గోడ మీద రాసిన హాస్టళ్లు మీరెన్ని చూశారు? నీళ్లలో మలం కలిసిందేమో పసిగట్టే హెచ్‌టూఎస్ సీసా అని ఒకటుంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, చెడ్డ నీళ్లయితే నల్లబడుతుంది. చదువురాని తల్లి కూడా చూసి చెప్పగలదు. గ్రామీణ నీటి సరఫరా శాఖకు ప్రయోగశాలలూ ఉన్నాయి. అడిగేవాళ్లే కావాలి.

సంఘాల మిత్రులకు మా మాట ఇది. మీ దగ్గరి హాస్టలుకు వెళ్లండి. ట్యాంకు కడిగిన తేదీ, నీటి పరీక్ష తేదీ, ఫలితం గోడ మీద రాయమనండి. కాదంటే వార్డెనుతో తగువు పెట్టుకోవద్దు, జిల్లా అధికారికి అర్జీ ఇచ్చి నకలు దాచుకోండి. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం బాబాసాహెబ్ జనాన్ని నడిపించాడు. తాగే నీళ్లలో ఏముందో తెలుసుకునే హక్కు కూడా మనదే. అడుగుదాం.