జెన్షియన్ కాడ, తంగేడు చెక్క

స్విట్జర్లాండ్‌లో వాలే ద జూ అనే లోయ. అందులో లె సోలియా అనే పల్లె. అక్కడి పాత బడి భవనంలో ఫిలిప్ దుఫూర్ అనే పెద్దాయన వాచీలు చేస్తాడు. 2000లో ‘సింప్లిసిటీ’ అనే వాచీ తెచ్చాడు. గంటలు, నిమిషాలు, సెకన్లు, అంతే. తేదీ కూడా చూపించదు. చేసినవి రెండొందల చిల్లర. దాని ఇరవయ్యేళ్ళ సందర్భంగా చేసిన ఒక వాచీ 2020లో జెనీవా వేలంలో 13 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది.

ఎందుకంత? లోపలి చిన్నచిన్న లోహపు ముక్కల అంచుల్ని చేత్తో అద్దంలా మెరిపిస్తారు. అందుకు జెన్షియన్ అనే కొండమొక్క ఎండు కాడ వాడతారు. ఆ మెరుపులో చాలా భాగం పెట్టుకున్నవాడికి కూడా కనిపించదు.

ఇలాంటి సొంత పనివాళ్ళ దగ్గర వాచీ సంపాదించడం ఒక్క డబ్బుతో అయ్యేది కాదు. ఆ పని మీద నీకెంత ప్రేముందో చెప్పుకోవాలి. తెలిసినవాళ్ళు ఒక మాట వేస్తే మంచిది. అడ్వాన్స్ కట్టి ఏళ్ళు కాచుకోవాలి. బేరం ఊసే లేదు. (రిజర్వేషన్ అనగానే మెరిట్ అని అరిచేవాళ్ళకు ఈ సిఫారసు తప్పుగా తోచదు. దీన్ని ‘రిలేషన్‌షిప్’ అంటారు. సరే, పక్కన పెడదాం.) కోట్లున్నవాడు ఒక పనివాడి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. అంటే చేతిపనికి దణ్ణం పెట్టడం వీళ్ళకు తెలుసు.

మరి ఇక్కడి చేతికేమైంది?

మాదిగవాడలో లంద ఉండేది. తంగేడు చెక్క దంచి, ఆ నీళ్ళలో తోలు రోజులకు రోజులు నానబెట్టి తిప్పేవాళ్ళు. అదీ శాస్త్రమే, అదీ ఓపికే. ఆరె, రంపె పట్టి మోట తొండం కుట్టకపోతే బావిలో నీళ్ళు పొలానికి ఎక్కేవి కావు. ఊరి పంట ఆ కుట్టు మీద నిలబడింది. దానికి అడ్వాన్స్ లేదు. కళ్ళంలో కొలిచి పోసే మేర, అదీ ఆసామి దయ. చెప్పులు కుట్టిన మనిషే దొర వాకిలి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచాడు. దుఫూర్ పేరు డయల్ మీద ఉంటుంది. మోట కుట్టినవాడి పేరు ఎక్కడా లేదు. కులం పేరు మాత్రం తిట్టుగా మిగిలింది.

తంగేడు పువ్వును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసుకున్నాం. బతుకమ్మలో పేరుస్తాం. చెక్క దంచిన చెయ్యి ఏ చిహ్నంలో ఉంది? అదే 2020లో స్విస్, ఫ్రెంచ్ వాచీపనిని యునెస్కో మానవజాతి వారసత్వంలో చేర్చింది. లందకు మనం పెట్టిన పేరు ‘కంపు’.

“అయితే మళ్ళీ లంద దగ్గరికే పొమ్మంటావా అన్నా?” అంటారు కొందరు తమ్ముళ్ళు. అనను. చచ్చిన గొడ్డును ఈడ్వడం మానెయ్యమని అంబేడ్కర్ ఊరికే చెప్పలేదు. నేను మాట్లాడేది తలుపు గురించి. ఇవాళ వాచీలోకంలో మోగుతున్న పేరు రెజెప్ రెజెపి. కొసొవో నుంచి శరణార్థిగా వచ్చిన పిల్లాడు. పదిహేనేళ్ళకు పాటెక్ ఫిలిప్‌లో పని నేర్చుకోడానికి చేరాడు. 2012లో సొంతంగా అక్రివియా పెట్టాడు. స్విట్జర్లాండ్ స్వర్గమని కాదు, ఆయన చేసేదీ ధనవంతుల బొమ్మే. కానీ ఆ పని అతని మెడకు పుట్టుకతో కట్టలేదు. నేర్చుకుంటానన్నప్పుడు పుట్టుక అడ్డం రాలేదు. మనకు పని పుట్టుకతో కట్టారు, బడి తలుపు పుట్టుకతోనే మూశారు.

ఇంకొకటి. ఆ వాచీల్లో చాలావాటికి పట్టీ తోలుదే. తోలు ముట్టుకుంటే మైల అన్న ఇళ్ళవాళ్ళే దాన్ని మణికట్టుకు కట్టుకుంటున్నారు. వాళ్ళెవరైనా మీ కాలేజీకి వచ్చి హస్తకళల మీద ఉపన్యాసమిస్తే ఒక్కటే అడగండి. చెప్పు తెగినప్పుడు మూలమీద కూర్చున్న ఆయన అడిగిన ఇరవై రూపాయలు ఇచ్చారా, పది చేతిలో పెట్టి వచ్చారా?

వచ్చే భాగంలో లిడ్‌క్యాప్ సంగతి రాస్తాను. జై భీమ్.