వరద నిధులు వస్తాయి, పద్దు అడిగేదెవరు?

వానాకాలం వస్తే సంఘ సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "వరదలకు కేంద్రం కోట్లు ఇచ్చిందట కదా, మా వీధి కల్వర్టు ఎందుకు బాగుపడలేదు?" దీనికి జవాబు ఆ డబ్బు నడిచే దారిలో ఉంది.

రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ వంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఎంత అన్నది వరద వచ్చాక తేలేది కాదు, ఆర్థిక సంఘం ముందే నిర్ణయిస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి అన్ని రాష్ట్రాలకూ కలిపి 1,60,153 కోట్లు లెక్కగట్టింది. అందులో ఐదో వంతు ముందస్తు నివారణకు, మిగతాది సాయానికి, పునర్నిర్మాణానికి, సన్నద్ధతకు. బుడమేరు పొంగిన తర్వాత, 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌కు 1,036 కోట్లు, తెలంగాణకు 416.80 కోట్లు విడుదలయ్యాయి. అవి ఆ నిధిలో కేంద్రం వాటా, జాతీయ నిధి నుంచి అడ్వాన్సు. అంటే చాలావరకు రావలసిన వాయిదాయే. విజయవాడ బంధువులతో మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరో చేసిన దానంగా చెప్పుకోనక్కర్లేదు.

రాష్ట్ర నిధి చాలకపోతే జాతీయ నిధిని అడగాలి. అక్కడ బేరం తప్పదు. కరువు సాయంగా 18,171 కోట్లు కోరిన కర్ణాటక 2024 మార్చిలో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఏప్రిల్‌లో వచ్చింది సుమారు 3,450 కోట్లు.

ఇక మన ఊరు. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు మునిగి, ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళారు. టి.కె.హళ్ళి పంపుహౌసులోకి నీళ్ళు చేరి కుళాయిలూ ఆగాయి. అప్పటి ముఖ్యమంత్రి బొమ్మై బెంగళూరు రోడ్లు, కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల వంటి వాటికి 300 కోట్లు ప్రకటించారు. కానీ ఏ వీధికి ఎంత అని కౌన్సిల్లో లేచి అడగడానికి కార్పొరేటర్ లేడు. పాలికె కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులోనే ముగిసింది. 2025 సెప్టెంబరు 2న పాలికె పోయి ఐదు నగర పాలికెలు వచ్చాయి. వాటికీ కమిషనర్లే ముందు వచ్చారు.

గుమాస్తాగిరీ చేసినవాళ్ళకు తెలుసు, ఫైలు నడిచేది ఎస్టిమేటు మీద. ఆ ఎస్టిమేటు రాసే ఇంజనీరుకు మీ మోరీ ఎక్కడ అడ్డుపడుతుందో చెప్పే మనిషి లేకపోతే, మునిగిన కల్వర్టును మళ్ళీ మునిగే కల్వర్టుగానే కడతారు. పైగా స్పందన నిధి తక్షణ మరమ్మతులకే. రాజకాలువను వెడల్పు చేయాలంటే నివారణ పద్దు వేరే. అదే ఆర్థిక సంఘం పట్టణ వరదల నివారణకు బెంగళూరుకు, హైదరాబాదుకు చెరి 250 కోట్లు సిఫారసు చేసింది. ముంబై, చెన్నై, కోల్‌కతాలకు తలా 500 కోట్లు. మన కాలువల పరిస్థితి చూస్తే మనకు సగమే ఎందుకో మాకు అర్థం కాదు.

మా సలహా: వరద వెళ్ళిన నెలలోనే నలుగురు ఇళ్ళవాళ్ళు కలిసి, ఫొటోలతో, కన్నడంలో వార్డు ఇంజనీరుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పని అయ్యాక సమాచార హక్కు కింద ఎస్టిమేటు, బిల్లు, పని పూర్తయినట్టు ఇచ్చిన పత్రం అడగండి. ఆ పని ఏ పద్దులో జరిగిందో కూడా అడగండి. కన్నడం రాయడం కష్టమైనవారికి సంఘంలో మేము రాసిపెడతాం.