ఆ షోర్‌కి ఒక మడిగ కావాలి

మా ఆపా కొడుకు గిటార్ అమ్మించింది నేనే. ఈ మాట ముందు చెప్పకపోతే కింద రాసేదంతా ఝూట్ అయిపోతుంది.

మూడేళ్ళ కిందటి సంగతి. వాడికప్పుడు పందొమ్మిదేళ్ళు. హన్మకొండలో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఒక మొబైల్ షాపులో పని చేసేవాడు. ఆ జీతంలో దాచుకున్న పైసలతో సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడు. ముగ్గురు దోస్తులు తోడయ్యారు. ఫాతిమానగర్ చర్చిలో డ్రమ్స్ వాయించే పిల్లవాడొకడు, కరీమాబాద్ పిల్లవాడొకడు, వాడితో ఇంటర్ చదివినవాడు ఇంకొకడు. నలుగురూ కలిసి హెవీ మెటల్ బ్యాండ్ పెడతామన్నారు. ఊరి చివర ఒక మడిగ కిరాయికి తీసుకున్నారు. బయటికి చప్పుడు పోకూడదని లోపలి గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించారు. ఆ అట్టలు చప్పుడును ఆపవని పాపం వాళ్ళకి తర్వాత తెలిసింది.

నెలన్నర తిరక్కముందే మడిగ ఖాళీ చేయమన్నారు. తర్వాత ఒకరి డాబా మీద గది. అక్కడా పక్కింటివాళ్ళు ఒప్పుకోలేదు. తర్వాత ఒక పాత గోదాం. ఎనిమిది నెలల్లో మూడు చోట్లు మారారు. చివరికి ఆపా నాకు ఫోన్ చేసింది. "మేరీ బాత్ నై సుంతా. జర తూ సంఝా రే" అంది.

నేను వాడితో మాట్లాడలేదు. ఆపాకే చెప్పాను. "అది మ్యూజిక్ కాదు ఆపా, షైతానీ షోర్. అమ్మేయమను, ఫీజుకన్నా పనికొస్తుంది" అన్నాను. అప్పటికి ఆ బాపతు పాట ఒక్కటి కూడా నేను పూర్తిగా వినలేదు. గిటార్ అమ్ముడుపోయింది, బ్యాండ్ ఆగిపోయింది. వాడు నాతో లడాయి పెట్టుకోలేదు. ఎక్కడ కనబడినా అదబ్‌గా సలాం చేసేవాడు. మాట మాత్రం అక్కడితో ఖతం.

2025 జూలై 22న ఆజీ ఆస్బోర్న్ ఇంతెఖాల్ అయ్యాడు. ఆ రాత్రి మావాడి వాట్సాప్ స్టేటస్ మొత్తం నలుపు. ఎవరు బేటా ఆయన అని అడిగాను. "బ్లాక్ సబ్బాత్ సింగర్ మామూ. వాళ్ళ అబ్బా అప్పు చేసి ఆయనకి మైకు సామాను కొనిచ్చాడు" అన్నాడు. ఇంకేం అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

ఆ రాత్రి కూర్చుని ఆ బ్యాండ్ కహానీ మొత్తం చదివాను. షైతాన్‌ను వెతుకుతూ పోతే కార్ఖానా కార్మికులు కనబడ్డారు.

బ్లాక్ సబ్బాత్ పుట్టింది ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో, ఆస్టన్ అనే కార్మికుల బస్తీలో, 1968లో. నలుగురూ గరీబు ఇళ్ళ పిల్లలే. గిటార్ వాయించే టోనీ అయోమీ పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. పని మానేస్తున్న ఆఖరి రోజున మిషన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి. అంటే గిటార్ తీగలు నొక్కాల్సిన చెయ్యే పోయింది. ఇక వాయించలేవని డాక్టర్లు చెప్పేశారు.

అప్పుడు ఆయన పని చేసిన చోటి ఫోర్‌మన్ ఇంటికొచ్చి ఒక రికార్డు పెట్టి వినమన్నాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ ఉస్తాద్ వాయించినది. 1928లో బండికి నిప్పంటుకుని జాంగో చెయ్యి కాలింది. రెండు వేళ్ళు సరిగా పనిచేయకపోయినా మిగిలిన వేళ్ళతోనే ఆయన యూరప్ అంతా పేరు తెచ్చుకున్నాడు. అది విన్న అయోమీ లేచి కూర్చున్నాడు. గిన్నెలు కడిగే సబ్బు సీసా ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకి టోపీలు చేసుకున్నాడు, వాటి మీద తోలు ముక్క అతికించాడు. లావు తీగలు నొక్కితే నొప్పి కాబట్టి సన్నవి వేశాడు. కొన్నేళ్ళకి తీగల బిగువు కూడా తగ్గించాడు. బిగువు తగ్గితే స్వరం కిందికి దిగుతుంది, బరువెక్కుతుంది. మనం షైతానీ అంటున్న ఆ బరువైన ఆవాజ్‌లో ఒక మజ్దూర్ తెగిన వేళ్ళ దర్ద్ ఉంది.

ఇక ఆజీ. కొన్నాళ్ళు కసాయిఖానాలో పని చేశాడు, దొంగతనం చేసి జైలుకి పోయాడు. కొడుకు పాటగాడు అవుతానంటే, కార్ఖానాలో రాత్రి షిఫ్టులు చేసే ఆ తండ్రి అప్పు మీద స్పీకర్లు, మైకు కొనిచ్చాడు. ఆ సామాను తన దగ్గరుందని ఆజీ ఒక మ్యూజిక్ షాపులో కాగితం అంటించాడు. అది చూసే మిగిలినవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆ తండ్రి నాలాంటివాడై, ముందు ఫీజు సంగతి చూడమని ఉంటే ఆ కాగితం పడేది కాదు.

ఆ తర్వాత కూడా దారి ఆసాన్‌గా లేదు. రెండు పేర్లు మార్చారు. 1968 చివర్లో అయోమీ వేరే పెద్ద బ్యాండ్‌లోకి వెళ్ళిపోయాడు. కొన్ని వారాలకే తిరిగొచ్చాడు. అక్కడ చూసిన మెహనత్ ఇక్కడా కావాలని, పొద్దున తొమ్మిదికల్లా రియాజ్‌కి రావాలని పట్టుబట్టాడు. జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రోజుకి ఎన్నో విడతలు వాయించారు. 1969 అక్టోబర్‌లో మొదటి ఆల్బమ్ ఒక్క రోజులో రికార్డు చేశారు. 1970 ఫిబ్రవరి 13న విడుదలైతే విమర్శకులు తిట్టిపోశారు, నౌజవాన్లు కొనుక్కున్నారు.

ఇది చదువుతుంటే నాకు మన వరంగల్ గుర్తుకొచ్చింది. మనదీ మిల్లు ఊరే. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1934లో ఆజంజాహి మిల్లు పెట్టారు. ఎన్నో వందల ఇళ్ళు ఆ మగ్గాల మీద బతికాయి. అటు కాజీపేటలో రైల్వే. మిల్లు మూతబడ్డాక ఆ కార్మికుల మనవళ్ళే ఇప్పుడు మొబైల్ షాపుల్లో, డెలివరీ బండ్ల మీద తిరుగుతున్నారు. వాళ్ళ లోపలా ఒక గుస్సా ఉంటుంది. అది ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా. గిటార్‌లోంచి రావడం కంటే మేలైన రాస్తా నాకైతే కనబడటం లేదు.

"అది గోరాల కహానీ, మనకు దీన్ ఉంది" అంటారు కొందరు బుజుర్గులు. వాళ్ళకి ఒక మదర్సా ముచ్చట చెప్పాలి.

ఇండోనేషియాలో గారుత్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఒక ఇస్లామీ స్కూల్లో చదివే ముగ్గురు ఆడపిల్లలు మార్స్యా, విది, సితి. ముగ్గురూ హిజాబ్ వేసుకునేవాళ్ళే. అదే స్కూలు టీచర్ ఒకాయన వాళ్ళకి తన కంప్యూటర్లో మెటల్ పాటలు వినిపించాడు, వాయిద్యాలు చేతికిచ్చాడు. 2014లో బ్యాండ్ మొదలైంది. పేరు వాయిస్ ఆఫ్ బాచెప్రోత్. బాచెప్రోత్ అంటే అక్కడి సుందా భాషలో గోల చేసేది అని. జనం తమను ఏమంటారో అదే పేరు పెట్టుకున్నారన్నమాట. ఇంట్లో వద్దన్నారు, ఊళ్ళో హరాం అన్నారు, బెదిరింపులొచ్చాయి. వాళ్ళు నమాజూ వదల్లేదు, గిటారూ వదల్లేదు. 2022లో వాళ్ళు తెచ్చిన ఒక పాట పేరుకి అర్థం, యా ఖుదా నన్ను వాయించుకోనివ్వు అని. అచ్చంగా దువానే. 2024లో ఇంగ్లాండ్‌లోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో వాయించారు. ఆ వేదిక ఎక్కిన మొదటి ఇండోనేషియా బ్యాండ్ వాళ్ళదే.

ఇంకొకటి బగ్దాద్‌లో. అక్రాసికౌడా అనే బ్యాండ్. ఆ ఎడారి నల్ల తేలు పేరు అది. సద్దాం కాలంలోనే మొదలైంది. కచేరీకి ఇజాజత్ కావాలంటే సద్దాంను పొగుడుతూ ఒక పాట కట్టాల్సి వచ్చింది. తర్వాత జంగ్ వచ్చింది. వాళ్ళు రియాజ్ చేసుకునే చోటు బాంబు దాడిలో నాశనమైంది. 2006లో సిరియాకి పారిపోయారు. అక్కడ కిరాయి కట్టడానికి వాయిద్యాలు అమ్ముకున్నారు. అక్కడి నుంచి టర్కీ, చివరికి అమెరికా. ఆ పిల్లలకి మతం కంటే ముందు కరువైంది నాలుగు గోడలు.

హరాం, జాయజ్ సంగతి నేను తేల్చగలిగింది కాదు. ఆలింలే వెయ్యేళ్ళుగా బహస్ చేస్తున్నారు. ఇమామ్ ఘజాలీ తన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో సమా మీద ఒక పూర్తి అధ్యాయం రాశాడు. తాగుబోతు మహఫిళ్ళతో ముడిపడిన కొన్ని వాయిద్యాలను వద్దన్నాడు. సంగీతాన్ని మొత్తంగా మాత్రం కొట్టిపారేయలేదు. ఏది పాడుతున్నారు, ఎక్కడ, ఎవరు, దిల్‌లో ఏం లేస్తోంది అని చూడమన్నాడు. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియాని కూడా సమా విషయంలో సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ దర్బారులో నిలబెట్టి అడిగారు. ఈరోజు మన కాజీపేట దర్గా ఉర్సులో ఖవ్వాలీ విని తలలూపే మనం ఆ బహస్‌ను మరిచిపోయాం. సంగీతం వద్దని మనస్ఫూర్తిగా నమ్మి, తమ ఇంటి షాదీలో కూడా బాజా పెట్టనివాళ్ళ మీద నాకు ఇజ్జత్ ఉంది. నా ఫిర్యాదు వాళ్ళ మీద కాదు. బరాత్‌లో అర్ధరాత్రి దాకా డీజే పెట్టించి కిటికీ అద్దాలు అదరగొట్టి, పొద్దున లేచి నలుగురు పిల్లల గిటార్‌ను షైతానీ అనే నాలాంటివాళ్ళ మీద.

పేరు చూసి కూడా భయపడతాం. హైదరాబాద్‌లో 2015లో ఒక డెత్ మెటల్ బ్యాండ్ మొదలైంది. పేరు గాడ్‌లెస్, అంటే దేవుడు లేనివాళ్ళు. ఆ పేరు విని నేనూ అస్తగ్‌ఫిరుల్లా అనుకున్నాను. కానీ వాళ్ళు 2016లో మొదటి చిన్న రికార్డు తెచ్చి, 2021లో పూర్తి ఆల్బమ్ స్టేట్స్ ఆఫ్ కేయాస్ తెచ్చారని చదివాక లెక్క వేసుకున్నాను. ఆరేళ్ళ సబర్. మనకి 140 కిలోమీటర్ల దూరంలో, మన తెలంగాణలోనే. పేరు నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు. ఆ మెహనత్‌ను మాత్రం కాదనలేం.

హైదరాబాద్‌లో గంటల లెక్కన కిరాయికిచ్చే రియాజ్ గదులు దొరుకుతాయి. మన ఊళ్ళో పిల్లలు మడిగ నుంచి డాబాకి, డాబా నుంచి గోదాంకి తిరుగుతారు. ఎన్‌ఐటీలో స్ప్రింగ్‌స్ప్రీ జరిగినప్పుడు బయటి బ్యాండ్లు వచ్చి వాయించి వెళ్తాయి. మన గల్లీ పిల్లలు వాటిని చూసి చప్పట్లు కొట్టి ఇంటికి వస్తారు.

ఇంత చదివాక నాకు అర్థమైంది ఒకటే. కవికి కాగితం చాలు, ఒంటరిగా రాసుకుంటాడు. బ్యాండ్ అలా కాదు. నలుగురు ఒకే ఊళ్ళో, ఒకే వయసులో, ఒకే సాయంత్రం ఖాళీగా ఉండాలి. మన ఇళ్ళల్లో ఆ ఫుర్సత్ ఎంతకాలం ఉంటుంది? ఇంటర్ అయిపోయాక, వీసా వచ్చేదాకా. మహా అయితే మూడు నాలుగేళ్ళు. ముందు చదువు కానీ, ముందు నౌకరీ రానీ, తర్వాత చూద్దాం అని మనం చెప్పేది పూర్తిగా వద్దని కాదు. కానీ ఆ తర్వాత వచ్చేసరికి నలుగురూ నాలుగు దేశాల్లో ఉంటారు. అటువంటి తర్వాత ఒకటి చెప్పి ఒక బ్యాండ్‌ను ఆపినవాణ్ణి నేను.

పక్కింటి ముసలమ్మకి నిద్ర కావాలి, పరీక్షల పిల్లలకి ఖామోషీ కావాలి. అదీ నిజమే. అందుకే అడిగేది గల్లీలో గోల చేసే హక్కు కాదు, ఒక తలుపున్న గది. మన ఊళ్ళో ఫంక్షన్ హాళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ముహర్రంలో, రంజాన్‌లో, మూఢాల్లో అవి ఖాళీగానే ఉంటాయి. మామూలు రోజుల్లో కూడా వారం మధ్యలో తాళాలే. కమిటీవాళ్ళు, ఓనర్లు వారానికి రెండు సాయంత్రాలు, అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా, కరెంటు ఖర్చు తీసుకుని పిల్లలకి ఇవ్వలేరా? అజాన్ కాగానే బంద్ చేయాలని షరతు పెట్టండి. మావాడి దోస్తుల్లో అజాన్ వినబడగానే మొదట కర్రలు కింద పెట్టేది ఆ చర్చి పిల్లవాడేనట. ఈ మాట నాకు మొన్ననే తెలిసింది.

మొన్న జుమ్మా తర్వాత వాణ్ణి పక్కకి పిలిచి మాఫీ అడిగాను. "గిటార్ నేను కొనిస్తా బేటా. నాకు తెలిసినవాళ్ళది ఒక హాలుంది, అడిగి పెట్టాను. మళ్ళీ మొదలు పెట్టండి" అన్నాను.

వాడు నవ్వాడు. గుస్సా లేదు ఆ నవ్వులో.

"డ్రమ్మర్ దుబాయ్‌లో ఉన్నాడు మామూ" అన్నాడు. "వాడి తమ్ముడు కూడా చర్చిలో వాయిస్తాడు, వాడికి పదిహేడు. హాలు వాడికి అడుగు."