లెక్కల్లో తిరుగులేని ప్రొఫెసర్.. కరోనా అంచనా ఎక్కడ తప్పింది?

2021 ఏప్రిల్ మొదటి వారం. దేశంలో రోజుకు 80 వేలకు పైగా కరోనా కేసులు వస్తున్నాయి. సెకండ్ వేవ్ ఏప్రిల్ మూడో వారానికి పీక్‌కు చేరుతుందని, రోజుకు లక్ష కేసుల దగ్గరే ఉంటుందని 'సూత్ర' మోడల్ బృందం కేంద్రానికి చెప్పింది. సరిగ్గా నెల తిరిగేసరికి ఒక్కరోజులో 4.14 లక్షల కేసులు! ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం రోడ్ల మీద పరుగులు తీసిన రోజులవి.

ఈ మోడల్ వెనుక ఉన్నదేమీ ఆషామాషీ మనిషి కాదు. ప్రస్తుత ఐఐటీ కాన్పూర్ డైరెక్టర్, కంప్యూటర్ శాస్త్రవేత్త మణీంద్ర అగర్వాల్. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునా కాదా అని వేగంగా, కచ్చితంగా తేల్చే ఏకేఎస్ పద్ధతిని 2002 ఆగస్టులో ప్రపంచం ముందు పెట్టింది ఆయనే. తోడున్నది అప్పుడే బీటెక్ పూర్తి చేసిన ఇద్దరు కుర్రాళ్లు.. నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. దీనికే 2006లో గోడెల్ ప్రైజ్ వచ్చింది.

ఆ పద్ధతి ఎంత గట్టిదంటే.. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు దాని నిరూపణ మొత్తాన్ని హాల్4 అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఒక్కో మెట్టూ కంప్యూటర్‌తోనే చెక్ చేయించారు. ఫార్మల్ వెరిఫికేషన్ అంటే ఇదే. ఏ సంఖ్య ఇచ్చినా జవాబు తప్పదన్న గ్యారంటీ.

ఇక 2020లో ఆయన అంటువ్యాధి లెక్కల్లోకి వచ్చారు. ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్, మన గుంటూరులో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్, ఆర్మీ వైద్యాధికారి మాధురి కనిత్కర్‌తో కలిసి 'సూత్ర'ను తయారు చేశారు. విద్యాసాగర్ నేతృత్వంలోని జాతీయ కమిటీ 2020 అక్టోబరులో.. పీక్ దాటిపోయింది, జాగ్రత్తలు పాటిస్తే ఫిబ్రవరి నాటికి యాక్టివ్ కేసులు బాగా తగ్గిపోతాయి అని చెప్పింది. జనానికి గుర్తున్నది మాత్రం మొదటి ముక్కే!

మరి తేడా ఎక్కడ కొట్టింది? ప్రధాన సంఖ్య నిన్నా, ఇవాళా, రేపూ ప్రధాన సంఖ్యే. వైరస్ అలా కూర్చోదు. ఒకరి నుంచి ఎంతమందికి అంటుతోంది, జనాభాలో ఎంత భాగానికి చేరింది, అసలు కేసుల్లో ఎన్ని బయటపడుతున్నాయి.. ఇవన్నీ 'సూత్ర' రోజువారీ కేసుల నుంచే లెక్కగడుతుంది. డెల్టా వచ్చాక ఈ విలువలే వారం వారం మారిపోయాయి. అవి నిలకడగా లేనప్పుడు అంచనా కూడా నిలవదు. ఏప్రిల్ అంచనా తప్పిందని 2021 మేలో ఆ బృందమే బహిరంగంగా ఒప్పుకుంది.

విమర్శకులు అడిగేది ఇంకోటి. విలువలు మార్చుకుంటూ పోతే గడిచిన ఏ గ్రాఫ్‌కైనా మోడల్ అతుకుతుంది. హాస్పిటల్‌కు కావాల్సింది వచ్చే వారం లెక్క కదా? ఈ ప్రశ్న న్యాయమైనదే.

బ్రిటన్‌లో గొడవ ఇంకో రకం. చర్యలేవీ తీసుకోకపోతే అక్కడ 5.1 లక్షల మంది చనిపోతారని ఇంపీరియల్ కాలేజ్‌కు చెందిన నీల్ ఫెర్గూసన్ బృందం 2020 మార్చిలో హెచ్చరించింది. తీరా చూస్తే ఆ కోడ్ 13 ఏళ్లకు పైగా పాతది. వేల లైన్లు, వివరణ రాతలు లేవు. ఒకే ఇన్‌పుట్‌కు కొన్నిసార్లు వేర్వేరు ఫలితాలు వస్తున్నాయని ఎడిన్‌బర్గ్ పరిశోధకులు పట్టుకున్నారు. కోడ్‌ను శుభ్రం చేసి గిట్‌హబ్‌లో పెట్టాక, కేంబ్రిడ్జ్ పరిశోధకుడు స్టీఫెన్ ఎగ్లెన్ నడిపి చూస్తే ప్రధాన ఫలితాలు మళ్లీ వచ్చాయి.

అంటే కోడ్ చెప్పిన పని చేస్తోందని తేలింది. వేసుకున్న ఊహలు సరైనవా అన్నది వేరే ప్రశ్న. దానికి ఏ వెరిఫికేషన్ సాఫ్ట్‌వేరూ జవాబివ్వదు, జవాబు క్షేత్రస్థాయి డేటాలోనే దొరుకుతుంది. ఆ డేటా మన దగ్గర ఎలా ఉందంటే.. 2021 జూన్-జులైలో ఐసీఎంఆర్ సీరో సర్వే చేస్తే, టీకా వేసుకోని వారిలోనే 62.3 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. అప్పటికి అధికారిక కేసులు దాదాపు 3.1 కోట్లు. మొత్తం జనాభాలో నూటికి ముగ్గురు కూడా కాదు.