వేయి ఫైళ్లకు ఒక్క జాబితా

మా సంచికయొక్క పాత సంపుటములు పొడియై రాలకమునుపే వాని పుటలన్నిటికిని ఛాయాచిత్రములు తీసి భద్రపరచవలయునని సంకల్పించితిమి. తీయుట సులభముగనే జరిగినది. చిక్కు పేర్లలో వచ్చినది. ఫోనుతో తీసిన ప్రతి చిత్రమును తేదీయు గంటయు కలసిన పొడవైన యంకెను పేరుగా దాల్చును. అది యే సంవత్సరపు సంచికలో నెన్నవ పుటయో పేరునుబట్టి యెవ్వరికిని తెలియదు. ఒక్కొక్క ఫైలును తెరచి చూచి, పేరు మార్చి, వేరొకచోట నుంచుటకు రెండు నిమిషములైనను పట్టును. వేయి పుటలకు ముప్పదిమూడు గంటలు. సెలవులలో పిల్లలచేత చేయింపరాదా యని పెద్దలు కొందరడిగిరి. చేయింపరాదనియే మా యభిప్రాయము. ఆ పనిలో పిల్లలు నేర్చుకొనునది విసుగు తప్ప మరేమియు లేదు. విసుగు పుట్టినచోట తప్పులు పుట్టును. అదే పనిని యంత్రముచేత చేయించు జాబితాను వ్రాయుట మాత్రము ప్రతి విద్యార్థియు నేర్వదగిన విద్య.

బ్యాచి యను నింగ్లీషు మాట రొట్టెలు కాల్చుటనుండి పుట్టినది. మన యిండ్లలో దానికి వాయి యను చక్కని పేరున్నది. సంక్రాంతికి సకినాలు వాయి వాయిగా వేయుదురు గాని యొక్కొక్క సకినమునకు పొయ్యి వెలిగింపరు గదా. 1981లో వచ్చిన డాస్ నాటినుండియు బ్యాచి ఫైలు ఇట్టిదే: పంక్తికొక యాజ్ఞ చొప్పున వ్రాసి యిచ్చినచో యంత్రము పైనుండి క్రిందివరకు నడపుకొనిపోవును. అన్ని ఫైళ్లకు నొకే యాజ్ఞయైనచో నొక్క పంక్తియే చాలును. కాని మా పుటలకు ప్రతిదానికిని వేరు పేరు కావలయును. వేయి పంక్తులు చేతితో నెవరు వ్రాయుదురు? అందుచేత నింకొక చిన్న స్క్రిప్టు వ్రాసితిమి. ఏ సంవత్సరపు సంచిక యే చిత్రముతో మొదలై యే చిత్రముతో ముగిసెనో తెలుపు చిన్న పట్టికను అది చదివి, పుటలను లెక్కించి, వేయి పంక్తుల బ్యాచి ఫైలును తానే వ్రాసి పెట్టును.

ఇది క్రొత్త యుపాయము గాదు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున జన్మించి 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన రాజ్ రెడ్డిగారి ప్రోత్సాహమున సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు గ్రంథములు వేలకొలది చేరినవి. అందు ప్రతి పుటయు నొక ప్రత్యేకమైన ఫైలు. గ్రంథమంతయు కావలసిన పుస్తకప్రియులు పుటల చిరునామాల జాబితాను స్క్రిప్టుచేత వ్రాయించి, పుటలను తెచ్చుకొని కూర్చుకొనిరి. ఆ ఫైళ్ల పేర్లలో నెనిమిదేసి యంకెలుండెడివి, ముందు సున్నలు. ఆ సున్నల విలువ మాకు నష్టపడినగాని తెలియలేదు. సున్నలు లేనిచో పేర్ల వరుసలో ఒకటి తరువాత పదియు, పదునొకండును వచ్చి, రెండు వెనుకబడును. మన స్టేషనుమీదుగా పోవు గూడ్సు పెట్టెలపై సంఖ్యను చూడుడు: ప్రతిదానికిని సరిగా 11 అంకెలు, అందు కడపటిది తక్కిన పదింటిని సరిచూచుటకు. పేరు పెట్టుట యనగా నది. అయితే ఆ గ్రంథాలయముననే తెలుగు గ్రంథముల పేర్లు రోమను లిపిలో నెన్నో తప్పులతో నెక్కినవి. ఆ గ్రంథములు పెక్కులు నేడు ఇంటర్నెట్ ఆర్కైవున నున్నవి. తప్పులును వానితో వెళ్లినవి. వెదకువానికి పుస్తకమున్నను లేనట్లే.

మా యసలు వాదమిక్కడ నున్నది. స్క్రిప్టు పనిని తానే చేసివేయకూడదు. చేయదలచినదానిని వ్రాసి మాత్రమే చూపవలయును. మొదటిసారి మేమీ నియమము పాటింపలేదు. క్రొత్త పేర్లలో సంవత్సరము చేర్చుట మరచితిమి. ప్రతి సంచికకును పండ్రెండవ పుట గలదు గనుక నొకదానిపై నింకొకటి పడి, చివరి సంచిక పుటలు మాత్రమే మిగిలినవి. కాపీ యను నాజ్ఞను చేతితో టైపు చేసినచో పాతదానిపై వ్రాయుదునా యని యంత్రము ప్రశ్నించును. అదే యాజ్ఞ బ్యాచి ఫైలులో నున్నచో ప్రశ్నింపదు. పేరు మార్చక కాపీ తీయించితిమి గనుక మూలచిత్రములు దక్కినవి. రెండవసారి జాబితాను ముందు వ్రాయించి తొమ్మిదవ తరగతివారిద్దరిచేత చదివించితిమి. తెలుగు పేర్లున్నచోట నన్నియు ప్రశ్నార్థకములే యున్నవని వారు పట్టుకొనిరి. ఫైలును యూనికోడులో గాక పాత పద్ధతిలో దాచుటయే కారణము. నడిపిన పిమ్మట తెలిసినచో నేమగునో! ప్రతి పంక్తికిని ముందు ఎకో యను మాట చేర్చినచో యంత్రము పని చేయక పంక్తిని పలికి యూరకుండును. ఈ యుపాయమును కూడ పిల్లలకు నేర్పవలయును.

ఇట్టి స్క్రిప్టును కృత్రిమమేధ నడిగినచో క్షణములో వ్రాసి యిచ్చునే, పిల్లల కేల యీ శ్రమ యని తండ్రియొకరు మాతో ననిరి. ఆయన మాట నిజమే. కాని యితరులు వ్రాసిన జాబితాను నడుపుటకు ముందు చదువగలుగుట మరింత యావశ్యకమైనది. స్వయముగా పది పంక్తులైన వ్రాయనివానికి వేయి పంక్తులలో దోషము కనబడునా? గణితపు గంటలనుండి వారమునకొక గంట దీనికి మళ్లింపవలయునని కోరుచున్నాము. దీనికి గణితోపాధ్యాయులు సమ్మతింపకపోవచ్చునని యెరుగుదుము.

మా పట్టికలో నింకను కొన్ని సంవత్సరముల సంచికలు లేవు. ఇంట పాత సంచికలున్న తల్లిదండ్రులును, పూర్వవిద్యార్థులును వానిని కార్యాలయమునకు తెచ్చి యిచ్చినచో నా దినముననే చిత్రములు తీసి మరల నప్పగింతుము.