పునరుక్తి దోషం

వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు జూకు తీసుకుపొమ్మని నాలుగు రోజులుగా పట్టుబడుతున్నాడు. ఇదివరకటి నేనైతే మరునాడే బయలుదేరేవాణ్ణి. ముప్పై ఏండ్ల పైచిలుకు ఉద్యోగంలో ఎంతమంది పిల్లలను విహారయాత్రల పేరిట జంతు ప్రదర్శనశాలలకు వెంటబెట్టుకొని వెళ్ళానో లెక్క లేదు. వెళ్ళివచ్చిన మరునాడు వ్యాసం రాయించడం ఆనవాయితీ. నలభై పుస్తకాలలోనూ ఒకే వ్యాసం ఉండేది: బస్సు ఎక్కాము, పులిని చూచాము, పులిహోర తిన్నాము, ఆనందించాము.

ఒక్క పిల్లవాడు మాత్రం వేరుగా రాశాడు. పులి గోడ దాకా నడిచింది, తిరిగింది, మళ్ళీ గోడ దాకా నడిచింది, తిరిగింది అంటూ అదే మాటతో అరపేజీ నింపాడు. నేను ఎర్రసిరాతో గీత గీచి, అంచున ‘పునరుక్తి దోషము’ అని రాసి, రెండు మార్కులు తగ్గించాను. వాడు ఏమీ అనలేదు. నేనూ మరచిపోయాను.

పదవీ విరమణ తరువాత, చదవడానికి తీరిక చిక్కిన రోజులలో, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రాస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ఒక అధ్యయనం గురించి తెలిసింది. అడవిలో ఎంత ఎక్కువ దూరం సంచరించే మాంసాహారి అయితే, బంధనంలో అంత ఎక్కువగా అటూ ఇటూ పచార్లు చేస్తుందట. దాని పిల్లలు అంత ఎక్కువగా చనిపోతాయట. ధ్రువపు ఎలుగుబంటికి జూలో మామూలుగా దొరికే చోటు, అది తన సీమలో తిరిగే కనీస విస్తీర్ణంలో పదిలక్షలవ వంతు మాత్రమేనట. అది చదివిన నాడు ఆ అరపేజీ కళ్ళ ముందు నిలిచింది. పునరుక్తి వాడి వాక్యంలో లేదు. ఆ పులి బతుకులో ఉంది. వాడు చూచినదే రాశాడు. ఆనందించాము అని రాసిన ముప్పై తొమ్మిది మందికీ నేను మార్కులు వేశాను.

‘మృగ’ ధాతువుకు వెదకుట అని అర్థం. వెదకబడునది మృగం, మృగయ అంటే వేట అన్నదీ ఆ ధాతువు నుంచే. తరగతిలో ఎన్నోమార్లు చెప్పిన పాఠమే ఇది. వెదకనక్కర లేకుండా, టిక్కెట్టు కొన్నవారికి వేళ ప్రకారం కనిపించేదానిని ఏ పేరుతో పిలవాలో నా వ్యాకరణానికి అందడం లేదు.

జూలను సమర్థించేవారు చెప్పే వాటిలో మొదటిది రక్షణ. హైదరాబాదు జూలోనే 2000 అక్టోబరులో సఖి అనే ఆడపులిని చంపి చర్మం ఒలుచుకుపోయారు కనుక ఆ మాట మీద నాకు అంత గురి లేదు. రెండవది విజ్ఞానం. దాని సంగతి ఆ నలభై వ్యాసాలే చెబుతాయి.

మూడవది మాత్రం తోసిపుచ్చరానిది. కుందేలంత ఉండే మూషిక జింకలను అదే హైదరాబాదు జూలో సీసీఎంబీ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో 2010 నుంచి పెంచి, 2017 మొదలు నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఆ పనికి చేతులెత్తి నమస్కరిస్తాను. ఎందుకంటే అక్కడ ఆవరణ అనేది అడవికి పోయే దారిలో ఒక మజిలీ. గాయపడి అడవిలో బతకలేని జంతువుకు ఆశ్రయమివ్వడమూ ధర్మమే. అయితే ఈ రెండు పనులకూ ప్రేక్షకులు అక్కర లేదు. తక్కినదంతా మన వినోదం.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 1992లో ఏర్పడిన కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లో ఏనుగులను జూల నుంచి శిబిరాలకు, అభయారణ్యాలకు తరలించమని ఆదేశించింది. ఆదేశం వేరు, ఆచరణ వేరు. జింబాబ్వే నుంచి అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ గారికి కానుకగా వచ్చిన ఆఫ్రికా ఏనుగు, ఆయన పేరే పెట్టుకొని, తోడు పోయాక ఏళ్ళ తరబడి ఢిల్లీ జూలో ఒంటిగా ఉండి 2025 సెప్టెంబరులో చనిపోయింది. గుంపులో పుట్టి గుంపులో పెరగవలసిన ప్రాణి అది. ప్రాణిని కానుకగా ఇచ్చిపుచ్చుకోవడమనే మర్యాద రాజుల నాటిది. రాజులు పోయినా అది పోలేదు. సరే, ఏనుగుకు చోటు చాలదని ఒప్పుకున్నాక, పదుల చదరపు కిలోమీటర్ల అడవిని తనదిగా ఏలుకునే పులికి మాత్రం ఎట్లా చాలుతుంది?

జూలను రేపే మూసివేయమని నేను అనను. అక్కడే పుట్టి పెరిగిన పులిని ఏ అడవిలో వదులుతాం? ఉన్నవాటిని ఉన్నంతకాలం వీలైనంత విశాలమైన చోట, మంచిగా సాకాలి. జనానికి చూపించడానికి మాత్రమే కొత్తగా పిల్లలను పుట్టించడం, పరదేశాల నుంచి తెప్పించడం మానాలి. చదువరులలో కొందరు దీనిని ముసలివాని చాదస్తమనుకోవచ్చు. అభ్యంతరముంటే వాదించండి, వింటాను.

మా మనుమడికి ఇంత చెప్పలేదు. వానలు వెలిశాక, దసరా సెలవుల్లో, అమ్రాబాద్ అడవిలోని ఫరహాబాద్‌కు తీసుకువెళ్తానన్నాను. అక్కడ పులి కనిపించకపోవచ్చని, రోజంతా తిరిగినా అడుగుజాడ తప్ప ఏమీ దొరకకపోవచ్చని ముందే చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “కనిపించకపోతే మాత్రం జూకు తీసుకెళ్ళాలి, తాతయ్యా” అన్నాడు. ఇంకా జవాబు చెప్పలేదు.