మా టాపిక్ మీరెందుకు ఖాయం చేస్తారు?

తెలుగు శాఖల్లో పీహెచ్‌డీలో చేరిన ముస్లిం పిల్లలు ఏడాదయినా టాపిక్ తేల్చుకోరని మాష్టార్లు విసుక్కుంటారు. వీళ్లకు స్పష్టత లేదని తీర్మానిస్తారు. తెలుగులో ఎమ్మే చదివి, ప్రవేశపరీక్ష రాసి, ఇంటర్వ్యూ గడప దాటి వచ్చినవాడికి ఏం చెయ్యాలో తెలియదా? తెలుసు. తెలిసింది కాగితం మీద పెడితే ఏం జవాబొస్తుందో కూడా తెలుసు. అందుకే కలం ఆగిపోతోంది.

అతని ముందు మీరు పరిచే దారులు రెండే. ఒకటి, 'తెలుగు సాహిత్యానికి ముస్లింల సేవ'. ఎంత పెద్దమనసు! ఉమర్ ఆలీషాను తీసుకో, పద్యాలు లెక్కపెట్టు, అలంకారాలు చూపు, ముస్లిమై ఉండీ ఎంత చక్కని తెలుగు రాశాడని ముగించు. పిఠాపురంలో 1885లో పుట్టి 1945లో కన్నుమూసిన కవి తెలుగువాడేనని ఇంకా ఎన్ని థీసిస్‌లు సాక్ష్యం చెప్పాలి? ఇంటివాడు ఇంట్లో చేసుకున్న పనిని సేవ అనరు. ఆ మాటలోనే మమ్మల్ని వాకిట్లో నిలబెట్టారు.

రెండోది, మా ఊసే లేని దారి. ప్రబంధాల్లో వర్ణనలు, ఫలానా నవలలో శిల్పం. చేయగలిగినవాడు చేయనీ, మాకూ ఆ సాహిత్యం మీద హక్కుంది. కానీ మా బతుకు మీద పని చేస్తానన్న పిల్లవాణ్ణి 'మీవాళ్ల మీద నువ్వే రాస్తే నిష్పాక్షికత ఉండదు' అని అటువైపు తోస్తారే, అక్కడుంది తగాదా. ఆముక్తమాల్యద మీద పరిశోధన చేస్తానన్న వైష్ణవుణ్ణి 'నువ్వు భక్తుడివి, దూరం జరుగు' అంటారా? అతని భక్తి అర్హత, మా పుట్టుక పక్షపాతమా?

మా పిల్లలకు టాపిక్‌లు కరువా? రాయలసీమ పల్లెకు వెళ్లండి. దూదేకుల ఇళ్లలో హుసేనప్ప ఉంటాడు, మస్తానయ్య ఉంటాడు. గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకున్న హిందూ ఇంట్లో కుళ్లాయప్ప ఉంటాడు. పేరు ఒకరిది, 'అప్ప' అందరిది. ఇప్పుడు అడగండి: ఒక ఊళ్లో మూడు తరాల్లో ఈ పేర్లు ఎట్లా మారాయి? 'అప్ప' ఎక్కడ నిలిచింది, ఎక్కడ రాలిపోయింది? మార్చుకున్నది ఎవరు, ఎవరికి భయపడి, ఎవరిలో కలవాలని? బడి రిజిస్టర్లున్నాయి, పెళ్లిపత్రికలున్నాయి, అవ్వాతాతలున్నారు. ఒక ఊరు, మూడు తరాలు, ఒక ప్రశ్న. ఇది టాపిక్ కాదా?

'దీనికి గ్రంథాలేవీ?' అంటారు. జానపద గేయాలకు ఏ గ్రంథాలున్నాయని బిరుదురాజు రామరాజు 1950ల్లో ఉస్మానియాలో వాటి మీద పరిశోధన చేశారు? జనం నోట ఉన్నదాన్ని ఆయన కాగితం మీదికి తెచ్చాక అది శాస్త్రమైంది. అప్పుడు చెల్లిన పద్ధతి మా దగ్గరికొచ్చేసరికి ఎందుకు చెల్లదు?

మావైపు కాపలాదార్లకూ ఒక మాట. పీర్ల పాటలు సేకరిస్తానన్న అమ్మాయితో 'అది దీన్ కాదు, షిర్క్, తవ్వకు' అంటారు. తలాక్ గురించి, బీడీలు చుట్టే మా ఆడవాళ్ల కూలి గురించి అడుగుతానంటే 'బయటివాళ్లకు ఆయుధమిస్తావా' అని నోరు నొక్కుతారు. వాళ్లు వాకిట్లో ఆపితే మీరు లోపల గొళ్లెం పెడతారు. మధ్యలో నలిగేది ఆ అమ్మాయి. దాన్నీ స్పష్టత లేకపోవడమనే అందామా?

నలుగుతూ కూర్చునే తీరికా ఇప్పుడు లేదు. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు 2009 నుంచి ఇస్తూ వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపేస్తున్నట్టు 2022 డిసెంబరులో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. మిగతా పథకాల్లో వీళ్లకూ చోటుందన్నది చూపిన కారణం. వెల్డింగు షాపులో పనిచేసే అబ్బాజాన్ ఇంకెన్నాళ్లు పంపుతాడు డబ్బులు? టాపిక్ ఖాయం కాని ప్రతి నెలా ఒక ఇల్లు అప్పు చేస్తోంది.

కవిత్వం మీ అనుమతి కోసం ఆగలేదు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లోనే వచ్చింది, బాబ్రీ మసీదు కూలడానికి ముందే. 'జల్‌జలా' 1998లో వచ్చింది. ఆ పుస్తకాల మీద థీసిస్‌లు రానీ, మంచిదే. కానీ మా కోపం అచ్చయ్యాక దాని మీద పరిశోధన చేయడం ఒకటి, ఆ కోపం పుట్టిన ఇంటి మీద చేయడం మరొకటి. రెండోదానికి తలుపు తెరవండి.

పరిశోధక మిత్రమా! నీ ఇంట్లో జవాబు దొరకని ప్రశ్న ఏదో అదే రాయి. ఊరంత పెద్దది వద్దు, ఒక వీధి చాలు. నీకు నచ్చని జవాబొచ్చినా దాచకు, మన పెద్దలకు నచ్చకపోయినా దాచకు. నిష్పాక్షికత అంటే అదే, ఎవరి ముందూ దానికి వేరే సర్టిఫికెట్ చూపనక్కర్లేదు. గైడు కాదంటే కారణం రాసిమ్మని అడుగు. నోటిమాటగా కాదనడం సులువు. సంతకం పెట్టి కాదనమను.